ఎంఎస్‌డబ్ల్యూ: రెగ్యులరా, ఇగ్నో దూరవిద్యా?

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, అంటే సామాజిక సేవలో పీజీ) క్యాంపస్‌లో రెగ్యులర్‌గా చదవాలా, ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో దూరవిద్యగా చదవాలా అన్నప్పుడు ఫీజులు మాత్రమే పోల్చి చూస్తే అసలు ఖర్చు లెక్కలోకి రాదు. నెలకు 15,000 వచ్చే ఉద్యోగం మానేసి రెండేళ్లు క్యాంపస్‌లో చేరితే పోయే జీతమే 3,60,000. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా ఈ నష్టం తీరదు. హాస్టల్, ఫీల్డ్‌వర్క్‌కు (ఆసుపత్రులు, సంస్థల్లో చేసే ప్రాక్టికల్ పనికి) తిరిగే బస్సు చార్జీలు అదనం.

ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 4 ఏళ్లు. జీతం ఆగదు. చిక్కంతా ఫీల్డ్‌వర్క్‌తోనే: ఆదివారం ఆసుపత్రి ఓపీ ఉండదు, అంగన్‌వాడీ తెరవరు. వారంలో ఒక పనిదినం ఖాళీ దొరకకపోతే ఫీల్డ్‌వర్క్ జర్నల్ (చేసిన పని రాసే రికార్డు) నిండదు, డిగ్రీ చేతికి రాదు. అడ్మిషన్ ఫీజు కట్టకముందే ఆఫీసులో ఈ సంగతి తేల్చుకోండి.

రెగ్యులర్‌లో సాధారణంగా వారానికి రెండు రోజులు ఫీల్డ్, చివర్లో బ్లాక్ ప్లేస్‌మెంట్ (ఒకే సంస్థలో కొన్ని వారాలు వరుసగా పనిచేయడం). చాలామందికి తొలి ఉద్యోగం ఆ పరిచయాలతోనే దొరుకుతుంది. దూరవిద్యలో లేనిది అదే.

సంపాదన డిగ్రీ ఏ పద్ధతిలో చేశారన్నదానికంటే ఎక్కడ చేరారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్జీఓ ప్రాజెక్టు జీతం నిధులున్నంత కాలమే. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద నడిచే సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగాలు, ఫ్యాక్టరీల్లో వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టులు కాస్త నిలకడైనవి. అయితే ఇంగ్లిష్‌లో రిపోర్టు, బడ్జెట్ షీటు రాయగలగాలి.

ఇప్పటికే ఎన్జీఓలో ఉన్నవాళ్లకు ఇగ్నోనే లాభం. బీఏ ముగించి ఖాళీగా ఉన్నవాళ్లు మాత్రం క్యాంపస్‌కే వెళ్లాలి. వాళ్లకు పోయే జీతం ఎలాగూ లేదు.