ఆరేళ్లుగా 400 సర్వర్లు, అన్సిబుల్: నా అనుభవం

మా టీమ్ చేతిలో దాదాపు 400 లినక్స్ సర్వర్లున్నాయి. ఆరేళ్లుగా వాటి సెట్టింగులన్నీ అన్సిబుల్‌తోనే (చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి సెట్ చేసే టూల్) చూసుకుంటున్నాం. అంతకుముందు షెల్ స్క్రిప్టులు (కమాండ్లు వరసగా రాసిన ఫైళ్లు) వాడేవాళ్లం. అవి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకంగా ఉండేవి.

2012లో వచ్చిన ఈ టూల్‌ను 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. సర్వర్లలో ఏజెంట్ (అక్కడే ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) వేయక్కర్లేదు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి), పైథాన్ ఉంటే చాలు. కొత్తగా చేరిన అమ్మాయి వారం తిరక్కముందే సొంతంగా ప్లేబుక్ (చేయాల్సిన పనులను, అంటే టాస్కులను, వరసగా రాసే ఫైలు) రాసింది. ఈ విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

హ్యాండ్లర్ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫైలు మారినప్పుడు మాత్రమే సర్వీసును రీలోడ్ చేయడం, అంటే కొత్త ఫైలును చదివించడం, హ్యాండ్లర్ పని. మామూలుగా అది టాస్కులన్నీ అయ్యాక నడుస్తుంది. ఒకసారి ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) నడిచే సర్వర్లకు కొత్త సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే ఫైలు) పంపాం. కొన్నింట్లో ఫైలు చేరింది గానీ తర్వాతి టాస్క్ ఫెయిలైంది, దాంతో హ్యాండ్లర్ నడవలేదు. తప్పు సరిచేసి మళ్లీ నడిపాం. ఫైలు అప్పటికే కొత్తది కాబట్టి మార్పేమీ లేదని చూపించింది. రీలోడ్ ఈసారీ జరగలేదు. స్క్రీన్ అంతా పచ్చగా ఉంది. డిస్క్‌లో కొత్త సర్టిఫికెట్ ఉన్నా, ఎన్‌జిన్‌ఎక్స్ మెమరీలో ఉన్నది పాతదే. మూడు వారాలకు దాని గడువు తీరింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. ఇదంతా డాక్యుమెంటేషన్‌లో ఉన్న సంగతే, మేమే చదవలేదు. ఇప్పుడు ఫోర్స్ హ్యాండ్లర్స్ (టాస్క్ ఫెయిలైనా హ్యాండ్లర్లను నడిపే సెట్టింగ్) ఆన్ చేశాం. హ్యాండ్లర్లు నడిచాక, సురక్షిత వెబ్ కనెక్షన్లు వచ్చే పోర్ట్ 443కి కనెక్టయి, సర్వర్ నిజంగా ఏ సర్టిఫికెట్ ఇస్తోందో చూసే టాస్క్ కూడా పెట్టాం. మీరు ఈ రెండూ మొదటి రోజే చేసుకోండి.

స్పీడ్ తక్కువే. ఏమీ మార్చకపోతే ఒకేసారి 5 సర్వర్ల మీదే పనిచేస్తుంది. ఫోర్క్స్ (ఒకేసారి ఎన్ని సర్వర్లు అనే సెట్టింగ్) 50కి పెంచి, పైప్‌లైనింగ్ (ఒక్కో టాస్క్‌కు ఎస్ఎస్‌హెచ్ పనిని తగ్గించే సెట్టింగ్) ఆన్ చేశాక మాకు ఇబ్బంది తగ్గింది.

ఏజెంట్ లేకపోవడం వల్ల ఒక లోటు కూడా ఉంది. పప్పెట్ అనే ఇలాంటి మరో టూల్‌లో ఏజెంట్ మామూలుగా 30 నిమిషాలకోసారి సర్వర్‌ను సరిచూసుకుంటుంది. ఇక్కడ ఎవరైనా లాగిన్ అయి చేత్తో సెట్టింగ్ మారిస్తే, మళ్లీ ప్లేబుక్ నడిపేదాకా ఎవరికీ తెలియదు. అందుకే రోజూ రాత్రి చెక్ (ఏమీ మార్చకుండా చూడటం), డిఫ్ (తేడా చూపించడం) ఆప్షన్లతో ఒకసారి నడిపి, తేడా ఉన్న సర్వర్ల లిస్టు పొద్దున్నే మెయిల్‌లో వచ్చేలా చేశాం. మొదట్లో రోజూ పది పన్నెండు పేర్లుండేవి, ఇప్పుడు చాలా రోజులు ఖాళీగా వస్తోంది. అయితే షెల్ మాడ్యూల్‌తో (షెల్ కమాండ్‌ను ఉన్నదున్నట్టు నడిపే అన్సిబుల్ భాగం) రాసిన టాస్కులు చెక్ మోడ్‌లో మామూలుగా నడవవు, కాబట్టి వాటి తేడాలు ఆ లిస్టుకు ఎక్కవు. వాటిని ఒక్కొక్కటిగా సరైన మాడ్యూళ్లకు మారుస్తున్నాం. ఇంకా నలభై దాకా ఉన్నాయి.