కార్డ్ బ్లడ్ (బొడ్డుతాడు రక్తం) బ్యాంకుకి డబ్బు కట్టేముందు మా అనుభవం ఒకసారి చదవండి

పోయిన నెల మాకు పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇప్పుడు కాన్పు దగ్గర పడిన ఇళ్లలో ఎవరూ మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

ఏడో నెల చెకప్‌కి వెళ్లి హైదరాబాద్‌లో ఓపీ బయట కూర్చున్నాం. మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుంది. ఆస్పత్రి మనిషే అనుకున్నాం, కాదు, కార్డ్ బ్లడ్ బ్యాంకు మనిషి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో మిగిలిన రక్తం తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (కొత్త రక్తకణాలను పుట్టించే మూలకణాలు) దాచిపెడతామని, రేపు బిడ్డకి ఏ పెద్ద జబ్బు వచ్చినా అవే కాపాడతాయని చెప్పింది. జీవితాంతం ఇన్సూరెన్స్ అంది. మొత్తం 62 వేలు. ఆ రోజే 20 వేలు కట్టాం, మిగతాది కార్డు మీద ఈఎంఐ. పురుడు తెనాలిలో, మా ఆవిడ పుట్టింట్లో అని ముందే చెప్పాం. "ఎక్కడైనా, ఏ టైమైనా మా మనిషి వస్తాడు సర్, విజయవాడలో స్టాఫ్ ఉన్నారు" అంది. బిడ్డ కోసం అనేసరికి ఎవరికైనా చెయ్యి ముందుకే వెళ్తుంది. మేమూ అలాగే సంతకాలు పెట్టాం.

మొదటి కాన్పుకి మా ఆవిడ 14 గంటలు నొప్పులు పడింది. రెండోది తొందరగా అయిపోవచ్చని అత్తయ్యగారు అంటూనే ఉన్నారు, నేనే పట్టించుకోలేదు. రాత్రి 2.10కి నొప్పులు మొదలయ్యాయి. మొదలవడమే గట్టిగా, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేకుండా. కారులో నర్సింగ్ హోమ్‌కి చేరేసరికి 2.40. డ్యూటీ డాక్టరు చూసి "టైమ్ లేదు, నేరుగా లేబర్ రూమ్‌కే" అన్నారు.

నేను దారిలోనే ఆ బ్యాంకుకి ఫోన్ మొదలుపెట్టాను. తెలుగుకి ఒకటి నొక్కండి, డెలివరీ సమాచారానికి మూడు నొక్కండి. రెండుసార్లు కట్ అయింది. మూడోసారి ఎవరో ఎత్తి క్లయింట్ నంబరు అడిగారు. అది వాళ్లిచ్చిన ఎర్ర కిట్ డబ్బా మూత మీద స్టిక్కరులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. లోపల మా ఆవిడ అరుస్తుంటే నేను వరండాలో మొబైల్ లైటు పట్టుకుని పన్నెండు అంకెలు చదువుతున్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ కాసేపు తన పక్కన లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

3.05కి విజయవాడ నుంచి ఒకతను ఫోన్ చేసి "బయల్దేరుతున్నా సర్, గంటలో ఉంటా" అన్నాడు. 3.22కి ఏడుపు వినిపించింది. ఆయా బయటికొచ్చి "ఆడపిల్ల బాబూ, మహాలక్ష్మి" అంది. తెల్ల టవల్లో చుట్టి చేతికిస్తే, తడి జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. ఒక కన్ను మాత్రమే తెరిచి చూసింది. అప్పుడు మళ్లీ ఫోన్ మోగింది. కట్ చేసేశాను.

ఆ మనిషి వచ్చేసరికి 4.10. బొడ్డుతాడులో రక్తం కొన్ని నిమిషాల్లోనే గడ్డకట్టిపోతుంది కాబట్టి తీయడానికి ఏమీ మిగల్లేదు. అతను ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆ సంతోషంలో చదవకుండానే పెట్టేశాను. "క్లయింట్ ఆలస్యంగా తెలియజేశారు" అని అందులో రాసుకున్నాడు. ఇప్పుడు డబ్బు అడిగితే ఆ కాగితమే చూపిస్తున్నారు. నమోదు రుసుము తిరిగి ఇవ్వరని అగ్రిమెంటులో పదకొండో పేజీలో ఉందట. రక్తపు చుక్క తీయకుండానే ఈఎంఐ మాత్రం ఠంచనుగా కట్ అయింది.

ఇంకో బాధ తర్వాత తెలిసింది. మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మని అడిగితే, బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందన్నారు. ఆ రక్తం బిడ్డకి చేరితే ఒంట్లో ఐరన్ నిల్వలు పెరుగుతాయి. అలా ఆగితే బ్యాంకుకి దొరికేది తగ్గిపోతుంది. ఈ ముక్క ఆ అమ్మాయి మాకు చెప్పనే లేదు. తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుకి బిడ్డ సొంత కార్డ్ బ్లడ్ పనికిరాదు, లోపం ఆ కణాల్లోనూ ఉంటుంది కాబట్టి. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బుతో తోబుట్టువు ఉంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు దాచడం నిజంగా ఉపయోగపడొచ్చు. అలాంటి అవసరం లేని కుటుంబాలు ముందుజాగ్రత్తగా దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018లో, దీన్ని ఇన్సూరెన్స్‌లా చూడొద్దని చెప్పింది. ఇవి రెండూ ముందే చదివి ఉంటే మేము ఆ 20 వేలు కట్టేవాళ్లమే కాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. నేను ఫోన్ చేసిన టైములు కాల్ లిస్టులో ఉన్నాయి కాబట్టి వాటి స్క్రీన్‌షాట్లు పెట్టాను. అప్పుడు ఈఎంఐ ఆపారు. 20 వేల గురించి మాత్రం ఇంకా నోరు మెదపడం లేదు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు.

ఇప్పటికే డబ్బు కట్టేసి, నెలలు నిండుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే ఆ బ్యాంకుకి మెయిల్ పెట్టి అడగండి: రాత్రి రెండింటికి మా ఊరికి మీ మనిషి ఎంతసేపట్లో వస్తాడు, టైముకి రాకపోతే ఎంత తిరిగిస్తారు అని. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. కాన్పు అయిన హడావుడిలో ఎవరు ఏ ఫారం చేతిలో పెట్టినా, చదవకుండా సంతకం పెట్టకండి.