ఆటోనగర్ రివైండింగ్ షెడ్డు: రెండు మరమ్మతుల అనుభవం

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా ఇంటి 1 హెచ్‌పీ నీళ్ల మోటారు కాలిపోతే, దగ్గరలోని ఒక దుకాణంలో రాగి తీగ అన్న మాట నమ్మి చుట్టించాము. నాలుగు నెలలకే మళ్లీ మాడు వాసన వచ్చింది. రెండోసారి దానిని గాజువాక ఆటోనగర్‌లో, బోర్డు కూడా సరిగా కనబడని ఒక రివైండింగ్ (కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే) షెడ్డుకు తీసుకెళ్లాను.

అక్కడి మిస్త్రీ మాడిన కాయిల్ నుంచి ఒక తీగ లాగి బ్లేడుతో గీకి చూపించారు. పైపూత కింద ఎర్రగా ఉండవలసిన లోహం తెల్లగా మెరిసింది, అది అల్యూమినియం. అయినా తప్పంతా తీగదేనంటే ఆయన ఒప్పుకోలేదు. "స్విచ్ వేస్తే తిరగకుండా గుయ్యిమని మూలిగేదా అండీ?" అని అడిగారు. మూలిగేది. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క వైండింగులో (తీగచుట్టలో) పుట్టించే అయస్కాంత క్షేత్రం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుందే తప్ప తిరగదు. మోటారును కదిలించడానికి ఉండే రెండో చుట్ట, అంటే స్టార్టింగ్ వైండింగులోని కరెంటును కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిలవ చేసి వదిలే చిన్న భాగం) కొంత ముందుకు జరిపినప్పుడే క్షేత్రం తిరగడం మొదలై, రోటర్‌ను, అంటే మోటారులో తిరిగే భాగాన్ని, వెంట లాక్కుపోతుంది. కెపాసిటర్ నీరసపడితే రోటర్ కదలదు. కదలని మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగి వైండింగును మాడ్చుకుంటుంది. మొదటి దుకాణం వారు కెపాసిటర్‌ను పరీక్షించనే లేదు.

నేమ్‌ప్లేటు మీద వేగం నిమిషానికి 2880 చుట్లు అని ఎందుకుందని అడిగితే ఆయన విసుక్కోలేదు. 50 హెర్ట్జ్ వద్ద రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారులో క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందని, రోటర్ కూడా అదే వేగం అందుకుంటే దానిలో కరెంటు పుట్టదని, అందుకే అది కాస్త వెనకబడే నడవాలని వివరించారు.

రాగి తీగతో చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, ఉప్పుగాలికి తుప్పెక్కిన బేరింగులు మార్చి 2,600 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజులన్నది నాలుగయింది. బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు.

2014 హుద్‌హుద్ తుపాను తరువాత కొని మూలన పడేసిన పెట్రోలు జనరేటరునూ తరువాత అక్కడికే తీసుకెళ్లాను. ఇంజను తిరుగుతున్నా బల్బు వెలగడం లేదు. రోటర్ ఇనుములో మిగిలి ఉండవలసిన కొద్దిపాటి అయస్కాంతత్వం పోయిందని, అది లేనిదే తొలి వోల్టేజీ పుట్టదని ఆయన చెప్పారు. 12 వోల్టుల బ్యాటరీ తీగలను ఫీల్డ్ వైండింగుకు (అయస్కాంత క్షేత్రం పుట్టించే తీగచుట్టకు) కొన్ని క్షణాలు తాకించి ఇంజను స్టార్ట్ చేయగానే బల్బు వెలిగింది. దానికి 200 రూపాయలు.