తట్టేకాడ్‌లో నిప్పుకాకి కోసం మూడు పొద్దులు: గైడ్‌తో చేసిన పక్షుల ట్రిప్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మలబార్ ట్రోగన్, అదే ఆ నిప్పుకాకి పిట్ట, కనిపించింది. మూడో రోజు పొద్దున, అదీ నిమిషం కూడా లేదు. అయినా ఈ ట్రిప్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను, అది పూర్తిగా మా గైడ్ వల్ల. ఆ ఒకటి తగ్గింది బుకింగ్ చేసిన వాళ్ల వల్ల.

తట్టేకాడ్ కేరళలో కోతమంగళం దగ్గర పెరియార్ ఒడ్డున ఉంది, అభయారణ్యం మొత్తం పాతిక చదరపు కిలోమీటర్లే. మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ, ఆ తర్వాత 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ వైపు సర్వేకి వెళ్లి ఈ అడవిని చూసి ఎంతో మెచ్చుకున్నారు. 1983లో దీన్ని అభయారణ్యం చేశారు, ఇప్పుడు ఆయన పేరే ఉంది. నేనూ, మా నాన్నగారూ జనవరిలో శబరి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్లి ఆలువాలో దిగి అక్కణ్ణుంచి కారు మాట్లాడుకున్నాం.

ట్రోగన్‌ని మలయాళంలో తీక్కాక్క అంటారు, అంటే నిప్పుకాకి. మగదానికి తల నలుపు, ఎద మీద తెల్లటి పట్టీ, దాని కింద పొట్టంతా కుంకుమలాంటి ఎరుపు. ఇంత ఎర్రటి పిట్ట కనపడకపోవడమేంటని ఇంట్లో ఫొటోలు చూసినప్పుడు అనిపించింది. అడవిలోకి వెళ్లాక తెలిసింది, దాని వీపు ఎండుటాకు రంగు, అలికిడైతే ఎగిరిపోదు, వీపు మనవైపు పెట్టి కొమ్మ మీద అలాగే కూర్చుండిపోతుంది. మనం దాని కిందే నడిచి వెళ్లిపోతాం.

మొదటి రోజు ఆరు కాకముందే బయల్దేరాం. మా గైడ్ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, నాన్నగారు ఆయన్ని చేట్టా (మలయాళంలో అన్నా) అని పిలిచేవారు, ఆయనేమో నాన్నగారిని సార్ అనేవాడు. పది అడుగులు వేసి ఆగడం, వినడం, మళ్లీ పది అడుగులు. ట్రోగన్ లేదు గానీ శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ జంటని చూపించాడు. గైడ్ లేకపోతే వెయ్యి సార్లు వెళ్లినా దొరకదు అది, రాత్రి తిరిగే పిట్ట, పగలు తీగల గుబురులో ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతాయి. బూడిద రంగుది మగది, ఇటుక రంగుది ఆడది. దూరం నుంచే, ఫ్లాష్ లేకుండా, రెండు నిమిషాలు చూడనిచ్చి వెనక్కి తీసుకొచ్చేశాడు.

రెండో రోజు వట్టి చేతులే. క్యూ, క్యూ, క్యూ అని మెత్తగా, గొంతులోంచి వచ్చినట్టు కూత ఒక్కసారి వినిపించి ఆగిపోయింది. అదే దారిలో ఇంకో గుంపు చిన్న స్పీకర్ పెట్టి రికార్డు చేసిన కూత వదులుతున్నారు. నాన్నగారు ఆశగా, "చేట్టా, మనం కూడా ఒక్కసారి పెడదామా?" అన్నారు. ఆయన వద్దన్నాడు. "సార్, ఇంకో మగ పిట్ట వచ్చిందనుకుని మేత మానేసి కొట్లాటకి వస్తుంది. ఇంకొన్నాళ్లకి గూళ్లు పెట్టే కాలం. రోజూ పది మంది ఇలా పిలిస్తే దాని గతేంటి?" అన్నాడు. డబ్బులిచ్చి వచ్చిన వాళ్లతో అలా చెప్పగలగడం చిన్న విషయం కాదు, అప్పుడే నాకు ఆయన మీద పూర్తిగా నమ్మకం కుదిరింది.

మూడో పొద్దున ఆయన అసలు ట్రోగన్ కోసం వెతకనేలేదు. పసుల పోలిగాడి జాతిలోనే తోకకి రెండు పొడవాటి తీగలు వేలాడే పిట్ట ఉంటుంది చూడండి, దాని అరుపు వెంట నడిచాడు. అది ఉన్నచోట రకరకాల చిన్న పిట్టలు గుంపుగా పురుగుల వేటలో ఉంటాయి, ట్రోగన్ కూడా ఆ గుంపుతో వస్తుందట. పావుగంట కదలకుండా నిలబడ్డాం, కాలికి జలగ పట్టిందని తెలిసినా నేను వంగలేదు. ముందు చూసింది నాన్నగారే. మాట రాక నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గాల్లోనే ఒక పురుగుని అందుకుని ఎదురు కొమ్మ మీదకొచ్చి వాలింది, ఈసారి పొట్ట మావైపే, ఆకుల మధ్య నిప్పు రాజేసినట్టుంది. కెమెరా ఎత్తాలని కూడా నాకు తోచలేదు. నాన్నగారి కళ్లలో నీళ్లు.

ఇక బుకింగ్ సంగతి. గుంపుకి నలుగురే అని చెప్పి ఏడుగురిని కలిపారు, మొదటి రోజు చప్పుడుకే సగం పిట్టలు ఎగిరిపోయాయి. అద్దెకిచ్చిన బైనాక్యులర్స్‌లో ఒక కన్ను మసక. అడిగితే సరైన జవాబు లేదు. రెండో రోజు నుంచి మేమిద్దరం విడిగా ఆ గైడ్‌నే మాట్లాడుకుంటే రోజుకి 2500 అయింది, ఆ డబ్బుకి నాకు ఏ బాధా లేదు. హోమ్‌స్టేలో పుట్టు, కడల కూర చాలా బాగున్నాయి.

వెళ్లేవాళ్లు నవంబర్ నుంచి మార్చి లోపు చూసుకోండి, జలగల సాక్స్ తప్పకుండా పెట్టుకోండి, ముదురు రంగు బట్టలే వేసుకోండి. బుక్ చేసేముందు గుంపులో ఎంతమందో రాతపూర్వకంగా అడగండి, ప్లేబ్యాక్ (రికార్డు చేసిన కూత) పెడతామని వాళ్లే గొప్పగా చెప్తే వేరే గైడ్‌ని చూసుకోండి. ఈ ట్రోగన్ మన తూర్పు కనుమల్లో, పాపికొండల వైపు కూడా ఉంది. వచ్చే చలికాలం అక్కడికి వెళ్దామని నాన్నగారు తిరుగు రైల్లోనే అడిగారు.