ఇంటి చదువు పిల్లలకు ఇంటర్ సర్టిఫికెట్: ఎన్‌ఐఓఎస్ మేలా, సార్వత్రిక విద్యాపీఠం మేలా?

విజయవాడలో పదిహేనేళ్ళ పిల్లవాడు కనిపిస్తే పెద్దలు వేసే మొదటి ప్రశ్న ‘ఏ కాలేజీ?’ అన్నదే. పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఇంటిపట్టున చదువుకుంటున్న పిల్లల దగ్గర దానికి జవాబుండదు. చదువు ఎంత బాగా సాగినా, డిగ్రీలో గానీ ఇంజనీరింగులో గానీ చేరాలంటే గుర్తింపు పొందిన బోర్డు నుంచి పది, పన్నెండు తరగతుల ధ్రువపత్రాలు ఉండి తీరాలి. అవి ఏ బోర్డువి కావాలన్నదే తేల్చుకోవలసిన సంగతి.

ఉన్న దారుల్లో రెండింటిని ముందే పక్కన పెట్టవచ్చు. ఇంటర్మీడియట్ బోర్డు హాజరు మినహాయింపు రుసుము కట్టించుకుని కాలేజీ మెట్లెక్కనివారిని కూడా పరీక్షకు అనుమతిస్తుంది గానీ, ఆ వెసులుబాటు ఆర్ట్స్ గ్రూపులకే. ఎంపీసీ, బైపీసీ కోరుకునేవారికి అది పనికిరాదు. కేంబ్రిడ్జి పరీక్షలకైతే సబ్జెక్టు వారీ ఫీజులు కట్టాలి, ప్రైవేటు అభ్యర్థిని చేర్చుకునే కేంద్రాన్ని వెతుక్కోవాలి, ఆపైన భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత పత్రం తెచ్చుకోవాలి. విదేశాలకు పంపే ఆలోచన లేని ఇంటికి ఇంత బరువు అనవసరం.

మిగిలినవి రెండు ఓపెన్ స్కూళ్ళు, అంటే రోజూ బడికి వెళ్ళకుండానే చదువుకుని పరీక్ష రాసే బోర్డులు: 1989లో కేంద్రం నెలకొల్పిన ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ), 1991లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సార్వత్రిక విద్యాపీఠం (ఏపీ ఓపెన్ స్కూల్). పదికి 14 ఏళ్ళు, పన్నెండుకు 15 ఏళ్ళు నిండాలన్న నియమం, అయిదు సబ్జెక్టులు, అయిదేళ్ళ గడువు రెండింటికీ ఉమ్మడివే. తేడా వాడుకలో తెలుస్తుంది. విద్యాపీఠం స్టడీ సెంటర్లు చాలావరకు మన ఊళ్ళ బడుల్లోనే నడుస్తాయి. సెలవు రోజుల్లో తరగతులుంటాయి. తెలుగు మాధ్యమంలో నిశ్చింతగా రాయవచ్చు. పిల్లవాడు తెలుగులోనే ఆలోచించి రాసేవాడైతే, నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చేయడమే ధ్యేయమైతే, ఎన్‌ఐఓఎస్ కోసం వెంపర్లాడవలసిన అవసరం నాకు కనిపించదు.

రాష్ట్రం దాటి చదవాలనుకునేవారి లెక్క వేరు. ఎన్‌ఐఓఎస్ పరీక్షలు ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, అక్టోబరు–నవంబరులో మరోసారి జరుగుతాయి. సబ్జెక్టులను విడతలుగా రాసుకోవచ్చు. ఉత్తీర్ణులైనవారికి మైగ్రేషన్ (బోర్డు మారేందుకు ఇచ్చే పత్రం), టీసీ కలిపి ఒకే పత్రంగా వస్తుంది. బడి మొహం చూడని పిల్లవాడు ‘టీసీ ఏది?’ అని అడిగే గుమాస్తా ముందు తడబడకుండా నిలబడేది ఆ కాగితంతోనే. అయితే చాలామంది తల్లిదండ్రులు గమనించని నియమం ఒకటుంది: పదో తరగతి గట్టెక్కిన రెండేళ్ళకు గానీ పన్నెండు ధ్రువపత్రం చేతికి రాదు. తెలివైన పిల్లవాడు కదా, ఒక్క ఏడాదిలో ముగిస్తాడులే అని పది రాయించడంలో జాగు చేస్తే ఆ ఆలస్యం చివర్లో దెబ్బ తీస్తుంది.

ఎన్‌ఐఓఎస్‌లో ‘33 మార్కులొస్తే పాస్’ అన్న మాట మరీ ప్రమాదకరమైనది. పాస్ అయ్యేందుకు అది చాలు గానీ, ఐఐటీలు, తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ వంటి సంస్థల్లో సీటుకు పన్నెండులో 75 శాతమైనా రావాలి, లేదా ఆ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా (పాసైనవారిలో పైనున్న 20 శాతంలో) నిలవాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఐఐటీల ప్రవేశ పరీక్ష అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు ఇంకో మెలిక ఉంది. పన్నెండు మొదటిసారి రాసిన ఏడాది నుంచే లెక్క మొదలై, వరుసగా రెండేళ్ళలో రెండు అవకాశాలతో ముగుస్తుంది కనుక, విడతల సౌకర్యాన్ని ఆ లెక్క చూసుకున్నాకే వాడుకోవాలి. వైద్యం కోరేవారిని మాత్రం ఒకప్పటి భయం ఇంకా వెంటాడుతున్నది. ఓపెన్ స్కూల్ విద్యార్థులు నీట్‌కు అనర్హులన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2024లో సుప్రీంకోర్టులోనూ ఆ వివాదం విద్యార్థులకు అనుకూలంగానే ముగిసింది.

బోర్డు ఏదైనా సరే, ఇంటి చదువు పిల్లలకు అసలు చిక్కు స్థానికత. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అర్హత పరీక్షతో (ఇక్కడ పన్నెండో తరగతితో) ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఏ విద్యా సంస్థలోనూ చదవనివారికి అదే ఉత్తర్వు మరో తలుపు తెరిచి ఉంచింది: పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించినట్లు చూపితే చాలు. కౌన్సెలింగ్ గదిలో స్టడీ సర్టిఫికెట్లు పరచుకుని కూర్చున్నవారి మధ్య మన పిల్లవాడి చేతిలో తహసీల్దారు ఇచ్చిన నివాస ధ్రువపత్రం ఉండాలి. దాన్ని కౌన్సెలింగ్ ముందురోజు కాకుండా, పన్నెండు పరీక్ష ఫీజు కట్టేనాటికే తెచ్చిపెట్టుకోవడం మంచిది.

ఇంజనీరింగో, వైద్యమో, విజయవాడలోనే ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరో మనసులో ఉంటే నా ఓటు ఎన్‌ఐఓఎస్‌కే. ఇంకా ఏమీ తేలని పిల్లలకు రెంటినీ కలిపి వాడుకునే వీలుంది: పది విద్యాపీఠంలో తెలుగులో రాయించి, పన్నెండుకు ఎన్‌ఐఓఎస్‌లో చేర్పించవచ్చు. ప్రయోగ పరీక్షల సాధన ఇంటి బల్ల మీద సాగదు కాబట్టి, సైన్సు తీసుకున్న పక్షంలో స్టడీ సెంటర్ ఎంచుకునే ముందు అక్కడి ప్రయోగశాలను స్వయంగా చూసి రావాలి.