హాల్లో ఒక్క గోడకే జేగురు రంగు: ఏళ్ళ తరబడి చూశాక

మా హాల్లో ఒక్క గోడకు ముదురు జేగురు రంగు వేయించి, మిగతా మూడింటినీ మీగడ తెలుపులో ఉంచాం. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. గోడ 11 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. 2019లో వేయించాం, 2023లో అదే షేడ్ మళ్ళీ ఒక చుట్టు వేయించాం. ఇంటీరియర్ వాళ్ళు యాక్సెంట్ వాల్ అనేది దీన్నే. ఇన్నేళ్ళు దాని ఎదురుగా కూర్చున్నాక గట్టిగా చెప్పగలిగింది ఇది: ఏ గోడ అన్నది ముందు తేలాలి, రంగు సంగతి తర్వాత. గోడ కుదిరితే మెరుపు లేని మామూలు మ్యాట్ ఎమల్షన్ చాలు. గోడ కుదరకపోతే ఎంత ఖరీదైన టెక్స్చర్ పెట్టినా నిలవదు.

మాది పడమటి గోడ, వీధి తలుపు తీయగానే ఎదురుగా కనిపిస్తుంది. దానికి కిటికీ లేదు, తలుపు లేదు. అన్నిటికంటే ముఖ్యం, అవతలివైపు బాత్రూమ్ లేదు. బాత్రూమ్‌ని ఆనుకున్న గోడ ఎంత చక్కగా కనిపించినా వదిలేయమనే చెబుతాను. టైల్స్ సందుల్లోంచి దిగిన చెమ్మ ఎప్పటికో ఒకప్పటికి ఇవతలికి వస్తుంది. లేత రంగు మీద అది చిన్న మరక. ముదురు రంగు మీద ఉప్పు తెల్లగా పూసి, గుమ్మంలోంచే కనిపిస్తుంది. కాకినాడలో మా అక్కావాళ్ళు పడకగదిలో అలాంటి గోడకే వినైల్ వాల్‌పేపర్ అంటించారు. ఒకవైపు సముద్రపు గాలి, ఇంకోవైపు బాత్రూమ్. రెండో వానాకాలానికల్లా అతుకులు లేచాయి. ఊడదీస్తే వెనకంతా నల్లటి బూజు. వినైల్ పేపరు చెమ్మను బయటికి పోనివ్వదు, వెనకే పట్టి ఉంచుతుంది.

ఈశాన్యం వైపు ముదురు రంగు వద్దని మా అత్తయ్య ముందే అన్నారు. మా గోడ పడమర కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. వాస్తు పాటించే ఇళ్ళల్లో డబ్బా కొనకముందే పెద్దవాళ్ళతో ఈ మాట అనుకుంటే మంచిది.

జేగురే ఎందుకంటే, అమ్మమ్మగారి ఊళ్ళో అరుగులకు వేసే జాజు నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇష్టంతో పాటు గట్టి కారణం కూడా ఉంది. జాజుకు ఆ ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. ఇప్పటి ఇటుక రంగు, జేగురు రంగు షేడ్లలోనూ ఎక్కువగా ఉండేది అదే, అది ఎండకు వెలిసిపోదు. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో రాళ్ళ మీద పురాతన కాలపు ఎర్రటి బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తున్నాయంటే ఈ రంగు గట్టిదనమే కారణం. మా గోడ ఎడమ సగం మీద చలికాలమంతా పొద్దుటెండ పడుతుంది. 2023లో రంగు వేయించేముందు ఫొటో ఫ్రేములు దించి చూశాను. ఫ్రేము కింద ఉన్న రంగుకూ పక్కన ఎండ తిన్న రంగుకూ తేడా కనిపెట్టలేకపోయాను. మెరిసే ఎరుపులు, గులాబీలు, నిమ్మపండు పసుపులు చాలావాటికి ఇంత నిలకడ ఉండదు. ఎండ పడే గోడకు అవి ఎంచుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి.

ఇక వెలుగు. ఈ గోడను నేను ఇంతగా ప్రేమించడానికి కారణం అదే. డిసెంబరు, జనవరిల్లో పొద్దున ఆగ్నేయం నుంచి బాల్కనీలోంచి వచ్చే ఎండ ఏటవాలుగా గోడ మీదికి పాకుతుంది. అప్పుడు గోడ కాల్చిన కుండలా ఎర్రగా వెలుగుతుంది. మధ్యాహ్నం గోధుమ వన్నెకు తిరుగుతుంది. మబ్బు పట్టిన రోజు అదే గోడ మట్టి రంగులో నెమ్మదిగా ఉంటుంది. రాత్రి అందం మాత్రం పూర్తిగా బల్బు చేతిలో ఉంది. మొదట్లో హాల్లో 6500 కెల్విన్ (వెలుగు పసుపా తెలుపా అన్నది చెప్పే కొలత) తెల్ల ట్యూబు ఉండేది. దాని కింద గోడ ఎండిన బురదలా నిర్జీవంగా కనిపించేది. 3000 కెల్విన్ పసుపు వెలుగు, సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఉన్న ఎల్‌ఈడీలు పెట్టాక రంగు మళ్ళీ ప్రాణం పోసుకుంది. డబ్బా మీద షేడ్ చూసినంత శ్రద్ధగా బల్బు పెట్టె మీద ఈ రెండు అంకెలూ చూడండి. అందుకే షేడ్ కార్డు చూసి నిర్ణయించుకోవద్దంటాను. అతి చిన్న డబ్బా ఒకటి కలిపించి, రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు పూసి, పొద్దునా రాత్రీ ఆ గోడకే ఆనించి చూడాలి.

ఏటవాలు వెలుగు అందాన్నే కాదు, లోపాన్నీ చూపిస్తుంది. మా పెయింటింగ్ మేస్త్రీ ఈ విషయం బాగా తెలిసినవాడు. లప్పం ఆరి, పేపరు కొట్టాక, చీకటి పడేదాకా ఆగి, బల్బును గోడకు పక్కగా పట్టుకుని అంగుళం అంగుళం చూశాడు. గుంట కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి, “అక్కా, ఇయ్యి ఇప్పుడు నింపకపోతే రోజూ కనపడ్తయ్” అన్నాడు. ఆ ఒక్క పనికే అతనికి ఎంతిచ్చినా తక్కువే. సామాను, కూలీ కలిపి మాకు అప్పట్లో 6,000 దాటలేదు. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే దుకాణంలో రంగు చేర్చే మూల పెయింటులో, తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ తక్కువ ఉంటుంది. అందుకని రెండు కోటింగులకు కింది తెలుపు పూర్తిగా దాగలేదు, మూడోది వేయాల్సి వచ్చింది. కొత్తగా వేయించేవాళ్ళు ప్రైమర్‌కే కొంచెం రంగు కలపమనండి. డబ్బాలన్నీ ఒకే దుకాణంలో ఒకేసారి కలిపించి, ఒకే బకెట్‌లోకి పోసుకుని వాడితే గోడ మధ్యలో వన్నె మారదు. రంగు లోపలి మూల దగ్గర ఆగాలి. బయటికి పొడుచుకొచ్చిన అంచు దగ్గర ఆపితే అతుకు వేసినట్టుంటుంది.

మ్యాట్ రంగుకున్న నిజమైన ఇబ్బంది రోజువారీ వాడకంలో తెలుస్తుంది. కొబ్బరి నూనె రాసుకున్న తలలు ఆనితే నల్లటి మచ్చ పడుతుంది. గోరు తగిలినా, కుర్చీ వీపు రాసుకున్నా తెల్లటి గీత లేస్తుంది. గట్టిగా తుడిస్తే ఆ మేర మెరుపెక్కి, మరక కంటే అదే ఎక్కువ కనిపిస్తుంది. మెత్తటి గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండి, ఒత్తకుండా అద్దాలి. టచప్ చేయించినా కలవదు. అదే డబ్బాలోది వేసినా ఆరాక ముక్క వేరుగా తెలుస్తుంది. 2023లో గోడంతా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మళ్ళీ వేయించడానికి ఇదే కారణం. నూనె మచ్చల మీద ముందు ఆయిల్ ప్రైమర్ కొట్టించాం, లేకపోతే కొత్త రంగులోంచి కూడా పైకి తేలతాయి. అప్పటి నుంచి సోఫా గోడకు నాలుగంగుళాలు ఎడంగా ఉంటోంది, మచ్చలు పడలేదు.

ఇంత చెప్పినా, టెక్స్చర్ కంటే, గాడుల ప్యానెళ్ళ కంటే ఇదే మేలంటాను. మా రోడ్డు దుమ్ము అంతా ఇంతా కాదు. పక్క ఫ్లాట్లో గాడుల ప్యానెళ్ళు బిగించుకున్నవాళ్ళు ప్రతి గాడినీ బ్రష్షుతో దులుపుకోవాల్సి వస్తోంది, వెనక సందులో బల్లులు కాపురం పెట్టాయి. మాకు వారానికోసారి పొడి గుడ్డ చాలు.

గోడ ముందు ఏం పెడతామన్నది కూడా రంగే నిర్ణయిస్తుంది. చేర్యాల బొమ్మ తగిలించి చూశాం. ఆ చిత్రాలకు నేపథ్యమే ఎరుపు కాబట్టి గోడలో కలిసిపోయింది. తెల్ల గోడ మీదికి మార్చాక దాని అందం తెలిసింది. ఇత్తడి దీపాలు, తాతయ్యగారి కాలపు నలుపు తెలుపు ఫొటోలు మాత్రం ఇక్కడే బాగుంటాయి. సంక్రాంతికి తెల్ల పంచె పరిచిన మెట్ల మీద కొండపల్లి బొమ్మలు పేర్చి కొలువు తీరిస్తే, వచ్చిన పేరంటాళ్ళు ముందు గోడ గురించే అడుగుతారు.

వెలుగు తక్కువగా వచ్చే చిన్న గదికి ఈ రంగు వద్దు. ముదురు జేగురు తన మీద పడ్డ వెలుగులో ఐదో వంతు కూడా తిప్పి పంపదు, పగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. మా పడకగదికి అందుకే వేయించలేదు. షేడ్ నంబరు, బేస్ పేరు, కొన్న నెల మెయిన్ స్విచ్ పెట్టె తలుపు లోపల రాసి పెట్టుకున్నాం. కంపెనీలు షేడ్ కార్డులు మార్చినా ఆ నంబరుంటే కలిపించుకోవచ్చు. వచ్చే విడత రంగుల్లో మిగతా మూడు గోడలు మారతాయేమో గానీ, దీనికి మళ్ళీ అదే నంబరు.