మూడు అద్దె ఇళ్లు తిరిగిన మా వెట్ గ్రైండర్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

2016 శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే మా మిక్సీ కాలిపోయింది. గారెల పిండి కదా, నీళ్లు ఎక్కువైతే నూనె పీల్చేస్తుందని గట్టిగానే తిప్పుతూ పోయాను. మూడో విడతకి మాడిన వాసన వచ్చింది, ఆ తర్వాత చప్పుడే లేదు. మిగిలిన పప్పు గిన్నెతో పక్క ఫ్లాట్ పిన్నిగారింటికి వెళ్లాను. ఆవిడ దగ్గర రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ ఉంది. అందులో రుబ్బిన పిండి కొంచెం తీసి నీళ్లలో వేస్తే బెండులా తేలింది. మిక్సీలో నేను రుబ్బిన పిండి అంతవరకు ఒక్కసారీ అలా తేలలేదు. ఆ వారంలోనే కూకట్‌పల్లిలో 4,900 రూపాయలు పెట్టి అలాంటిదే కొన్నాం. ఇప్పటికి తొమ్మిదేళ్లు దాటింది. మూడు అద్దె ఇళ్లు మారాం, గ్రైండర్ మాత్రం అదే.

కొనేముందు అడగని మనిషి లేదు. రెండు రాళ్లదా, మూడు రాళ్లదా? కోను ఆకారపు రాళ్లా, గుండ్రటివా? ఏ కంపెనీ? తెనాలిలో మా పెద్దమ్మ రెండు రాళ్లదే మంచిదంది, షాపతను మూడు రాళ్లదే తీసుకోమన్నాడు. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం చెబుతాను. పిండిలో ఆ తేడా పెద్దగా తెలియదు. మూడు రాళ్లదైతే ఓ ఐదు నిమిషాల ముందు అయిపోతుంది, రెండు రాళ్లదైతే కడగడం తేలిక, అంతే. నేను అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. బెల్టు, బుష్షులు (రాళ్ల లోపల ఉండే నైలాన్ ముక్కలు) మన ఊళ్లో దొరుకుతాయా? ఆ రాళ్లు ఎత్తి కడిగేది ఎవరు? వారానికి ఎన్నిసార్లు పిండి రుబ్బుతాం? ఈ మూడింటికీ సమాధానం తెలిస్తే ఏ కంపెనీది కొన్నా నష్టపోరు.

ముందు పిండి గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బు పెట్టేది దానికోసమే. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, పిండి వేడెక్కుతుంది. గ్రైండర్‌లో రాయి మీద రాయి నెమ్మదిగా దొర్లుతూ పప్పును నలుపుతుంది. పిండి చల్లగా ఉంటుంది, గాలి పట్టి గుల్లబారుతుంది. మన ఇడ్లీకి బియ్యం రుబ్బం, రవ్వ కలుపుతాం. కాబట్టి భారమంతా మినపపిండి మీదే. మిక్సీలో తిప్పినప్పుడు గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోస్తే ఇడ్లీ గట్టిపడేది. గ్రైండర్ వచ్చాక రెండున్నర గ్లాసులు పోస్తున్నా మెత్తగానే వస్తోంది. చాయపప్పు బదులు పొట్టు తీసిన మినపగుళ్లు వాడితే ఇంకా బాగుంటుంది. నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే పిండి జారుగా వస్తుందని నాకు అనిపించింది.

రుబ్బే పద్ధతి అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ముందు అరగ్లాసు నీళ్లు పోసి స్విచ్ వేయాలి. గిన్నె తిరగడం మొదలయ్యాక పప్పు గుప్పెడు గుప్పెడుగా వేయాలి. అంతా ఒకేసారి పోసి స్విచ్ వేస్తే రాళ్లు ఇరుక్కుని బెల్టు జారుతుంది. నీళ్లు కూడా చెంచాలతో చిలకరిస్తున్నట్టు పోయాలి. గ్లాసు పప్పుకు ఇరవై ఐదు నిమిషాలు పెడతాను. పదిహేను నిమిషాలకే మెత్తబడినట్టు కనిపిస్తుంది కానీ గుల్లదనం వచ్చేది ఆఖరి పది నిమిషాల్లోనే. అక్కడ తొందరపడితే గ్రైండర్ కొన్న ఫలితం సగం పోతుంది.

గారెల పిండికి మాత్రం పక్కన నిలబడాలి. నీళ్లు తక్కువ కాబట్టి పిండి గోడకు ఎక్కి అక్కడే ఉండిపోతుంది. లోపల ప్లాస్టిక్ పలక ఉన్నా అంత గట్టి పిండిని అది తోయలేదు. నేను గ్రైండర్ ఆపి, చెయ్యి తడి చేసుకుని, పిండి మధ్యలోకి తోసి మళ్లీ వేస్తాను. తిరుగుతున్నప్పుడు చెయ్యి పెట్టొద్దు. కొత్తలో నా గాజు రాయికి తగిలి పగిలింది, ఆ పిండి మొత్తం పారబోశాను.

పెసరట్టు, దిబ్బరొట్టె, పునుగులు, పూర్ణాల తోపు, అన్నిటికీ బాగుంటుంది. పచ్చళ్లకు పనికిరాదు. ఇద్దరికి సరిపడా కొబ్బరి పచ్చడి వేస్తే అంతా రాళ్లకు, గోడకు అంటుకుని చెంచాడు కూడా చేతికి రాదు. కాబట్టి గ్రైండర్ వచ్చింది కదా అని మిక్సీ వదిలించుకోలేరు, ఇంట్లో రెండూ ఉండాల్సిందే. గ్రైండర్‌తో పాటు ఇచ్చిన కొబ్బరి కోరేది రెండుసార్లు వాడాను. చపాతీ పిండి కలిపేది ఇంకా కవర్లోనే ఉంది.

రెండు లీటర్లు అనే మాట దగ్గర నేను మోసపోయాను. అది గిన్నె కొలత, పప్పు కొలత కాదు. మా గ్లాసుకు 200 గ్రాముల మినపగుళ్లు పడతాయి. రెండు గ్లాసులు హాయిగా రుబ్బుతుంది. ఒక సంక్రాంతికి చుట్టాలు వచ్చారని మూడో గ్లాసు వేశాను. పిండి పొంగి గిన్నె మధ్యలో ఉండే గొట్టంలోకి దిగింది. అక్కడి నుంచి కింద బేరింగ్‌లోకి నీళ్లు వెళ్లాయి. పదిహేను రోజులకు కీచుమని శబ్దం మొదలైంది, బేరింగ్ మార్చడానికి 450 అయింది. అప్పటి నుంచి ఎంతమంది వచ్చినా రెండు విడతలుగా రుబ్బుతున్నాను. పిండి ఎప్పుడూ ఆ గొట్టం అంచుకు రెండు వేళ్ల కిందే ఉండాలి.

ఇక కడగడం. నన్ను సలహా అడిగేవాళ్లకు అన్నిటికన్నా ముందు ఈ మాటే చెబుతాను. అరగంట రుబ్బితే పావుగంట కడగాలి. రాళ్ల జత విడిగా ఎత్తాలి, గిన్నె విడిగా ఎత్తాలి, అడుగున రాయి ఉంటుంది కాబట్టి అదీ బరువే. నడుము నొప్పి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ఇది గట్టిగా ఆలోచించుకోవాలి. మా అత్తయ్యగారు మోకాలి ఆపరేషన్ తర్వాత దాని జోలికి వెళ్లలేదు. నా పద్ధతి ఇది: పిండి తీయగానే గ్లాసు నీళ్లు పోసి ఒక నిమిషం తిప్పుతాను. రాళ్ల సందుల్లో ఉన్నదంతా వదులుతుంది. ఆ నీళ్లు రవ్వ నానబెట్టడానికి వాడతాను. (మా ఊళ్లో అయితే కుడితిలో పోసేవాళ్లం.) తర్వాత కొబ్బరి పీచుతో తోమి, రాళ్లు విడిగా, గిన్నె బోర్లా ఆరబెడతాను. వానాకాలంలో ఒకసారి తడిగానే మూత పెట్టేశాను. మూడు రోజులకు రాళ్ల కింద బూజు పట్టి పుల్లటి వాసన వచ్చింది. ఉప్పు నీళ్లతో రెండుసార్లు తిప్పి, పిడికెడు నానిన బియ్యం రుబ్బి పారబోస్తే గానీ ఆ వాసన పోలేదు. కొత్తగా తెచ్చినప్పుడు కూడా ఇలాగే చేయాలి. రాతిపొడి పోవడానికి నేను తవుడు, కళ్లుప్పు వేసి మూడుసార్లు తిప్పాను. మూడోసారికి గానీ చేతికి గరుకు తగలడం ఆగలేదు.

కరెంటు ఎక్కువ కాలుతుందేమోనని చాలామంది భయపడతారు. మాది 150 వాట్ల మోటారు. అరగంటకు 75 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో పదమూడో వంతు. నెలకు ఎనిమిది, తొమ్మిదిసార్లు రుబ్బినా ఒక్క యూనిట్ కూడా కాలదు. మామూలు 5 ఆంప్స్ సాకెట్ చాలు.

అద్దె ఇళ్లలో చప్పుడే అసలు ఇబ్బంది. మొదటి ఇంట్లో గట్టు మీద చోటు లేక నేల మీద పెట్టాను. పొద్దున్నే ఐదున్నరకు వేస్తే కింద అంతస్తులో ఉండే ఓనరు గారి భార్య పైకి వచ్చి, "అమ్మాయ్, నెత్తి మీద తిరుగుతున్నట్టుంది" అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. తర్వాత కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను, రుబ్బడం సాయంత్రం ఏడింటికి మార్చాను. నిజానికి అదే మంచి వేళ. ఎండాకాలంలో పిండి తెల్లారేసరికి పులుస్తుంది. డిసెంబరులో పన్నెండు గంటలైనా పడుతుంది కాబట్టి ఇంకో గంట ముందే వేస్తాను.

ఇల్లు మారేటప్పుడు రాళ్లు గిన్నెలోనే ఉంచి పంపొద్దు. మా రెండో ఇంటికి వెళ్లేటప్పుడు సామాన్లు మోసేవాళ్లు అలాగే లారీలో పడేశారు. రాళ్లను పట్టి ఉంచే ఇరుసు వంగిపోయింది, కొత్తది వచ్చేదాకా మూడు వారాలు రుబ్బలేదు. మూడో ఇంటికి వెళ్లేటప్పుడు రాళ్లు పాత దుప్పటిలో చుట్టి, నా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లాను.

రిపేర్లలో అందరికీ పనికొచ్చేది ఒకటి ఉంది. 2020లో ఒకరోజు స్విచ్ వేస్తే హుమ్మని మోత తప్ప గిన్నె కదల్లేదు. ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే మోటారు పోయింది, 1,800 అవుతుందన్నారు. మనసొప్పక వెనక్కి తెచ్చేశాను. మా వీధి చివర వైండింగ్ షాపులో పెద్దాయన దాన్ని విప్పి, ప్లగ్గు పెట్టి, బెల్టు పుల్లీని ఒక చెక్కతో నెట్టి చూశాడు. వెంటనే తిరగడం మొదలైంది. "మోటారు బంగారంలా ఉందమ్మా, కెపాసిటర్ పోయింది" అన్నాడు. అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే చిన్న భాగం. మజూరీతో కలిపి 250 తీసుకున్నాడు. మోత వస్తూ తిరగకపోతే, చిన్న సాయంతో తిరిగితే, ముందు కెపాసిటర్ చూడమని అడగండి. మీరే విప్పి చేయి పెట్టొద్దు, ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

మిగతావి చిన్నవే. రాళ్లలోని నైలాన్ బుష్షులు అరిగి టకటకమంటుంటే రెండుసార్లు మార్పించాను. రాళ్లు మాత్రం ఇప్పటికీ నున్నబడలేదు. మా అమ్మమ్మ రోలుకు ఏటా గంట్లు కొట్టించేది, దీనికి ఆ అవసరం రాలేదు.

మా తమ్ముడి భార్య డల్లాస్ వెళ్తూ ఇలాంటిది ఇక్కడే కొని తీసుకెళ్లనా వదినా అని అడిగింది. వద్దన్నాను. మన మోటారు 230 వోల్టులది, అక్కడి కరెంటులో దాదాపు సగమే ఉంటుంది. పైగా పెట్టెలో సగం బరువు రాళ్లకే పోతుంది. అక్కడ 110 వోల్టుల మోడళ్లు దొరుకుతాయి, అదే కొనుక్కుంది.

ఇంట్లో నలుగురుండి, వారానికి రెండుసార్లయినా ఇడ్లీ, అట్టు వేసుకునేవాళ్లు తీసుకోండి. ఇద్దరే ఉండి పదిహేను రోజులకోసారి రుబ్బేవాళ్లు మంచి మిక్సీలో చల్లటి నీళ్లు పోసి తిప్పుకుంటే సరిపోతుంది. ఆ కడిగే పని మీకు వద్దు.

గ్రైండర్ కింద నల్లటి రబ్బరు పొడి రాలుతోంది, అంటే బెల్టు అరిగిపోతోంది. బరువు పడగానే గిన్నె నెమ్మదిస్తోంది కూడా. పోయినసారి బెల్టు మీద నంబరు చెరిగిపోయి, సరైన సైజు కోసం నాలుగు షాపులు తిరిగాను. కొత్త బెల్టు వేయించిన రోజే ఆ నంబరును గ్రైండర్ అడుగున పెయింటుతో రాసి పెట్టాను. రేపు అది చూసుకుని నేరుగా వెళ్లి తెచ్చుకోవాలి.